ముట్టుకోకమ్మా, అది మేం చేసింది!

మొన్న సంక్రాంతికి అటక మీద సామాను దించి దులుపుతుంటే మా అమ్మాయి ఆరో తరగతి తెలుగు నోటుపుస్తకం దొరికింది. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. చీపురు పక్కన పెట్టి అక్కడే స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పాను. పిల్లల పాత పుస్తకం చేతికొస్తే దులపడం ఆపని తల్లి ఉంటుందా చెప్పండి!

అందులో ఒక వ్యాసం, 'వేసవి సెలవుల్లో నేను చూసిన ప్రదేశం'. ఆ యేడు, అంటే 2019 మే నెలాఖర్లో, మావారి ఆఫీసు వాళ్ళ కుటుంబాలు నాలుగింటితో కలిసి మేం రష్యా వెళ్ళొచ్చాం. పిల్ల పీటర్‌హోఫ్ గురించి రాసింది. "అక్కడ 150 ఫౌంటెన్లు ఉన్నాయి. సామ్సన్ ఫౌంటెన్ నీళ్ళు 20 మీటర్లు ఎగురుతాయి. పీటర్ చక్రవర్తి దీనిని కట్టించెను." అన్నింటికీ టిక్కులు. ఆఖర్న నేను చెప్పగా చేర్చిన వాక్యం ఒకటుంది. "యుద్ధంలో ఇది కాలిపోతే మ్యూజియం ఆంటీలు మళ్ళీ బాగు చేశారు." దాని కింద ఎర్ర సిరాతో గీత. పక్కన 'అనవసరం' అని.

టీచరమ్మ మీద నాకేం కోపం లేదు. నలభై పుస్తకాలు దిద్దే మనిషికి రష్యాలో ఆంటీలు ఎవరో ఎలా తెలుస్తుంది? అప్పుడు నేనూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి మాత్రం నవ్వు రాలేదు. ఆ 'అనవసరం' దగ్గర నాకేదో గుచ్చుకుంది.

ముందు చూసింది చెప్పనివ్వండి.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వింటర్ ప్యాలెస్ దగ్గర పడవ ఎక్కితే ముప్పావుగంట లోపే పీటర్‌హోఫ్‌లో దించుతారు. ఊరికి పడమరగా 30 కిలోమీటర్ల దూరం, ఫిన్లాండ్ సింధుశాఖ ఒడ్డున. విజయవాడ మే నెల ఎండల్లోంచి వెళ్ళిన మాకు అక్కడ పళ్ళు కటకటలాడాయి. మా గుంపులో పెద్దావిడ, మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం, చీర మీద రెండు శాలువాలు కప్పుకుని, "వీళ్ళ వేసవి రాజభవనమే ఇంత చలిగా ఉంటే చలికాలం భవనం ఇంకెలా ఉంటుందర్రా!" అంటూ దిగారు.

దిగగానే ఎదురుగా కాలవ. సముద్రంలోంచి తిన్నగా ఒక గుట్ట దాకా వెళుతుంది. గుట్ట మీద పొడవాటి పసుపు, తెలుపు భవనం. దాని కాళ్ళ దగ్గర్నుంచి మెట్లుమెట్లుగా నీళ్ళు, ఆ నీళ్ళ మధ్య బంగారు పూత విగ్రహాలు. నట్టనడుమ సామ్సన్ అనే వీరుడు సింహం దవడలు రెండు చేతులతో చీలుస్తుంటాడు, ఆ నోట్లోంచి నీళ్ళు ఆకాశానికి లేస్తాయి. ఆ సింహం స్వీడన్ దేశమట. 1709లో పొల్టావా దగ్గర పీటర్ వాళ్ళను ఓడించింది సెయింట్ సామ్సన్ పండగనాడేనట. అందుకని ఆయన బొమ్మ.

"మోటారు ఎన్ని హార్స్‌పవరో కనుక్కోండి" అన్నారు పిన్నిగారు మావారితో. నవ్వకండి. అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే సంపు మోటారు వేసి, ట్యాంకు పొర్లకుండా ఆపే డ్యూటీ ఉన్న ఏ ఆడదానికైనా మొదట వచ్చే ప్రశ్న అదే. నాకూ వచ్చింది.

మోటారు లేదట! ఒక్కటి కూడా లేదు! దక్షిణాన రోప్షా అనే ఊరి దగ్గర ఎత్తు ప్రదేశంలో ఊటలున్నాయి. అక్కడి నీళ్ళు 20 కిలోమీటర్లకు పైగా కాలవల్లో, చెరువుల్లో నడిచి, పైతోటలో చెరువుల్లో నిలిచి, అక్కణ్ణించి గొట్టాల్లో దూకి కింది తోటలో చిమ్ముతాయి. పల్లం చూపిస్తే చాలు, తక్కిన పని నీళ్ళే చేసుకుంటాయి. తువోల్కోవ్ అనే రష్యన్ ఇంజనీరు 1721లో ఇదంతా పూర్తి చేశాడు. ఫ్రాన్సులో వెర్సాయ్ తోటకు నదిలోంచి నీళ్ళు తోడడానికి పెద్ద యంత్రం పెట్టినా అన్ని ఫౌంటెన్లూ రోజంతా ఆడించలేకపోయేవారట. పీటర్ 1717లో అదంతా చూసొచ్చిన మనిషి. ఇక్కడ మూడు వందల ఏళ్ళుగా వేసవి వస్తే చాలు, పైసా కరెంటు ఖర్చు లేకుండా ఆడుతున్నాయి. ఆ కాలవలు తవ్విన సైనికులూ కూలీలూ ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"పీటర్ కట్టించెను" అని మా పిల్ల రాసిందే, టిక్కు పడిందే, అదీ పూర్తి నిజం కాదండీ. మొదలెట్టింది ఆయనే. కానీ 1725లో ఆయన పోయాక 1796 దాకా, ఆ 71 ఏళ్ళలో 66 ఏళ్ళ దాకా రష్యాను ఏలింది ఆడవాళ్ళే, నలుగురు. మొదటి కేథరిన్ ఆయన భార్య, అసలు పేరు మార్తా. ఒక పాస్టరుగారింట్లో పనిపిల్లగా బతికి మహారాణి అయింది. సామ్సన్‌ని 1735లో నిలబెట్టింది అన్నా కాలంలో. మనం 'అబ్బో' అని నోరు తెరిచే పెద్ద భవనాన్ని ఇప్పటి రూపానికి పెంచింది పీటర్ కూతురు ఎలిజబెత్, రాస్ట్రెల్లీ అనే శిల్పి చేత. ఆవిడ పోయాక లెక్క చూస్తే గౌన్లే పదిహేను వేలున్నాయని చెబుతారు. (మావారు ఈ మాట గైడు నోట విని నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మన బీరువా ఎక్కడ, ఆ గౌన్లెక్కడ!)

ఇక రెండో కేథరిన్. సముద్రం ఒడ్డునే పీటర్ తన కోసం కట్టుకున్న చిన్న ఇల్లుంది, మోన్‌ప్లెజీర్ అంటారు. నాకు పెద్ద భవనం కన్నా అదే నచ్చింది. భోజనాల గది పక్కనే వంటిల్లు, గోడల నిండా నీలం, తెలుపు డచ్చి పలకలు. రాజుగారికి వేడివేడిగా వడ్డించాలంటే వంటిల్లు పక్కన ఉండాలని తెలిసిన ఇల్లన్నమాట. దాన్ని ఆనుకుని ఒక భాగం ఉంది. 1762 జూన్ 28న, అంటే వాళ్ళ పాత పంచాంగం ప్రకారం, తెల్లవారుజామున కేథరిన్‌ని అక్కడే నిద్ర లేపారు. పద్నాలుగేళ్ళప్పుడు జర్మనీలో ఒక చిన్న సంస్థానం నుంచి తీసుకొచ్చిన పిల్ల. మొగుడు మూడో పీటర్ ఆ నెలలోనే నిండు విందులో అందరూ వింటుండగా "మూర్ఖురాలా" అని అరిచాడు. తనను వదిలించుకుని ఏ మఠంలోనో పారేసి ప్రియురాలిని రాణిని చేస్తాడని ఆవిడ భయం. లేచింది, బండెక్కింది, జుట్టు దారిలో దువ్వించుకుందట. సాయంత్రానికి దేశం ఆవిడది. గద్దె దిగిన మొగుణ్ణి రోప్షాలో ఉంచారు. వారం తిరిగేసరికి పోయాడు. జబ్బుతో పోయాడని ప్రకటించారు గానీ నమ్మినవాళ్ళు తక్కువ.

రోప్షా! నీళ్ళు వచ్చే చోటే. గైడు ఆ మాట మామూలుగా చెప్పేసి ముందుకు నడిచింది. నేను మాత్రం ఆ నీళ్ళ వంక కాసేపు చూస్తూ నిలబడిపోయాను.

ఇవన్నీ చెబుతున్నానని నాకు రాణులంటే మోజు అనుకోకండి. ఏలింది ఆడదైతే ఏలుబడిలో ఆడవాళ్ళు సుఖపడ్డారని ఎక్కడా లేదు. భర్త అవమానించాడని అంత మండిపోయిన ఈ కేథరినే 1767లో, బానిస రైతులు యజమాని మీద ఫిర్యాదు చేస్తే నేరం అని ఉత్తర్వు ఇచ్చింది. యజమాని కొడితే ఆ ఇంటి పనిమనిషి ఎవరితో చెప్పుకోవాలి? అవమానం ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి ఇంకొకరి అవమానం కనపడకపోవడం కొత్తేం కాదులెండి. మన ఇళ్ళల్లో అత్తగార్లయ్యాక కోడలిరికం మర్చిపోయేవాళ్ళు లేరూ!

అసలు నేను చెప్పాలనుకున్నది పెద్ద భవనం లోపల జరిగింది.

చెప్పుల మీద తొడుగులు వేసుకుని గదిగదికీ తిరుగుతున్నాం. బంగారు చెక్కడాలు, అద్దాలు, షాండ్లియర్లు. ఎంతని చూస్తాం, నాలుగో గదికే కళ్ళు అలిసిపోయాయి. అప్పుడు ఒక గది వచ్చింది. గోడ అంటూ కనపడకుండా, కింద నుంచి పైదాకా ఆడవాళ్ళ బొమ్మలే. 368 ఉన్నాయట. పియెత్రో రొతారీ అనే ఇటలీ చిత్రకారుడు ఎలిజబెత్ కాలంలో వచ్చి వేసినవి. ఆయన పోయాక కేథరిన్ కొని ఈ గోడలకు కొట్టించింది. ఒకమ్మాయి పుస్తకం చదువుతోంది. ఒకమ్మాయి ఏడుస్తోంది. ఒకామె విసనకర్ర చాటున నవ్వుతోంది. ఒకామె కునికిపాట్లు పడుతోంది. వాళ్ళ పేర్లేమిటని అడిగాను. పేర్లు లేవట. అందమైన ముఖాలు కావాలి, అంతే. 368 మంది ఆడవాళ్ళు ఒక గదిలో ఉండి ఒక్కరికీ పేరు లేకపోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మా పిన్నిగారు అటూ ఇటూ చూసి, "పెళ్ళిచూపుల ఫొటోల్లా ఉన్నాయే!" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆవిడన్నది సరిగ్గా సరిపోయింది.

అక్కడ గదికొక పెద్దావిడ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటుంది. మన వైపు పోయే టూరిస్టులు వాళ్ళను కుర్చీతో పాటు సామాను కింద జమ కడతారు. తర్వాతి గదుల్లో ఒకచోట గోడకి పట్టు గుడ్డ, దాని మీద కౌజు పిట్టలు. చూస్తే ధర్మవరం మగ్గం మీద దిగినట్టుంది. తలుపు పక్కన బంగారు చెక్కడం పువ్వు మీదికి నా చెయ్యి దానంతటదే పోయింది. అలవాటు. చీరకొట్లో కూడా పట్టుకోకుండా చూడలేం కదా మనం!

వెనక నుంచి గట్టిగా కేక. కుర్చీలో ఆవిడ లేచి నిలబడి వేలు ఆడిస్తోంది. డెబ్భై ఉంటాయేమో, తెల్లటి జుట్టు, అల్లిన స్వెట్టరు. నాకు సిగ్గేసి, "రాణిగారి వస్తువు కదా, తప్పే, సారీ చెప్పండి" అన్నాను గైడుతో. గైడు చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపి ఏదో అంది. గైడు కొంచెం ఇబ్బందిగా నవ్వి, "రాణిదైతే నేను అరవను, అది మా వాళ్ళు చేసింది, అంటోంది" అని చెప్పింది.

అర్థం కాలేదు. ఆవిడ చేతులతో చూపించింది. పైకప్పు వైపు, గోడల వైపు, మంట అన్నట్టు. అన్నీ కాలిపోయాయి. మొండిగోడలు మిగిలాయి. వాళ్ళమ్మ ఈ తోటలో బూడిదా రాళ్ళూ ఎత్తిపోసిన కూలీల్లో ఒకతె అట.

ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం పీటర్‌హోఫ్‌ని పట్టుకుంది. 1944 జనవరి దాకా అక్కడే ఉంది. వాళ్ళొచ్చే ముందు కొద్ది వారాలు మాత్రమే వ్యవధి. మగవాళ్ళు చాలామంది యుద్ధానికి పోయారు, మ్యూజియంలో మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఏది ముందు మూటకట్టాలి? ఇల్లు ఖాళీ చేసిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన ప్రశ్నే, కానీ నెత్తి మీద విమానాలు తిరుగుతుంటే! పింగాణీ, బొమ్మలు, చిన్న వస్తువులు పెట్టెల్లో పెట్టి పంపారు. పాలరాతి విగ్రహాలు కొన్నింటిని తోటలోనే గోతులు తీసి పూడ్చిపెట్టారు. సామ్సన్ని తరలించలేకపోయారు. ఆయన తిరిగి దొరకలేదు. మేమంతా ముందు నిలబడి ఫొటోలు దిగిన సామ్సన్ 1947లో సిమోనోవ్ అనే శిల్పి పాత ఫొటోలూ కొలతలూ చూసి మళ్ళీ చేసినవాడు.

అక్కడి ఉద్యోగిని మరీనా తిహోమిరోవా, ఇంకా కొందరు, లెనిన్‌గ్రాడ్‌లో సెయింట్ ఐజాక్ కెథెడ్రల్ నేలమాళిగలో ఆ పెట్టెల పక్కనే ముట్టడి రోజులు గడిపారు. 872 రోజుల ముట్టడి. 1941 నవంబరు, డిసెంబరుల్లో ఆఫీసు ఉద్యోగులకు రోజుకి ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. వంటింట్లో తూకం ఉంటే ఒకసారి 125 గ్రాముల బ్రెడ్డు తూచి చూడండి. నేను తూచాను. నాలుగైదు ముక్కలు. అదీ పిండిలో ఏవేవో కలిపిన రొట్టె. వాళ్ళలో కొందరు ఆకలితో పోయారు. బతికినవాళ్ళు ఎండ రాగానే తేమ పట్టిన తివాచీలు, గుడ్డలు బయటికి తెచ్చి గుడి స్తంభాల మధ్య ఆరబెట్టారు. తిండి లేక కాళ్ళు వాచిన ఆడవాళ్ళు, రాణుల గుడ్డలకు బూజు పట్టకుండా! ఎందుకమ్మా, అనిపించలేదా మీకు? నాకు అనిపించింది. ఇంకా అనిపిస్తూనే ఉంది. తిహోమిరోవా తర్వాత ఆ జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు.

అలాంటిదే ఇంకో వేసవి భవనం పావ్లోవ్‌స్క్. 1941లో దానికి డైరెక్టరు అన్నా జెలెనోవా, 28 ఏళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసుకి "ఇంకా పెళ్ళి కాలేదా" అని అడుగుతాం. ఆవిడ శత్రువు గుమ్మంలోకి వచ్చేదాకా ఉండి, మిగిలిన కాగితాలు చంకన పెట్టుకుని లెనిన్‌గ్రాడ్‌కి కాలినడకన వెళ్ళింది. పాత విగ్రహాలను నేలమాళిగ మూలలో చేర్చి అడ్డంగా ఇటుక గోడ కట్టించారు. ఎవరికీ అనుమానం రాలేదు, యుద్ధమయ్యాక గోడ పగలగొడితే అన్నీ అలాగే ఉన్నాయి. భవనం మాత్రం కాలిపోయింది. 1957లో మొదటి గదులు తెరిచారు. అప్పటికి, ఆ తర్వాత చాలా ఏళ్ళకీ డైరెక్టరు ఆవిడే.

పీటర్‌హోఫ్‌లోనూ అంతే. బూడిదలో దొరికిన చెక్కడం ముక్క, యుద్ధానికి ముందు ఫొటో, దాచిన పాత పట్టుగుడ్డ పీలిక, ఇవి దగ్గర పెట్టుకుని చెక్కారు, నేశారు, పూత పూశారు. 1964లో పెద్ద భవనంలో మొదటి గదులు తెరుచుకున్నాయి. చెక్కేవాళ్ళలో, ఇంజనీర్లలో మగవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు, కాదనను. కానీ ఏ గదిలో ఏ మూల ఏ వస్తువు ఉండేదో రాసిపెట్టింది, గుర్తుపెట్టుకుంది మటుకు ఎక్కువగా ఆ జాబితాల ఆడవాళ్ళే. ఆ పని నాకు తెలుసు. ఇంట్లో ఏది ఎక్కడుందో మనకే కదా తెలిసేది. "ఎక్కడ పెట్టావ్?" అని అందరూ మననే కదా అడిగేది. దాన్ని ఎవరైనా పని అన్నారా ఎప్పుడైనా?

అందుకే నాకు అనిపిస్తుంది, రాజభవనాలు చూసే తీరు మనం మార్చుకోవాలని. ఎవరు కట్టించారు, బంగారం ఎంత, ఎన్ని గదులు, ఇవే అడుగుతాం. గైడ్లూ అవే చెబుతారు. మాకు తోట అంతా తిప్పి, ఆ కాలిపోయిన సంగతి రెండు ముక్కల్లో ముగించారు. ఆవిడ కేక వెయ్యకపోతే నాకు ఆ రెండు ముక్కలూ గుర్తుండేవి కావు. కట్టించినవాడికి ఖజానా ఉంది, దండుంది. ఏమీ లేకుండా మళ్ళీ నిలబెట్టినవాళ్ళ సంగతి 'అనవసరం' ఎలా అయింది?

ఇంకో మాట కూడా చెప్పకపోతే నేను రాసింది సగమే అవుతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం యుక్రెయిన్ మీదికి వెళ్ళింది. ఆ మార్చిలో పేపర్లో ఒక ఫొటో చూశాను. లీవ్ అనే ఊళ్ళో నడిబజారులో నాలుగు ఫౌంటెన్లున్నాయి, వాటి మీద విగ్రహాలు. బాంబులకు దెబ్బతినకుండా వాటికి గుడ్డలు చుట్టి తాళ్ళు కట్టారు, మనుషులకు దెబ్బ తగిలితే కట్టు కట్టినట్టు. నాకు వెంటనే పీటర్‌హోఫ్ గోతులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు ఎవరి విగ్రహాలు మట్టిలో దాక్కున్నాయో, ఇప్పుడు వాళ్ళ విమానాలకు భయపడి ఇంకొకళ్ళు విగ్రహాలు చుడుతున్నారు. ఆ స్వెట్టరావిడ ఈ ఫొటో చూసిందో లేదో, చూస్తే ఏమనుకుందో. ఆవిడకు యుద్ధమంటే వాళ్ళమ్మ ఎత్తిన బూడిద. నేను ఆవిడను తలుచుకుని పీటర్‌హోఫ్‌ని మెచ్చుకోవాలా, ఆ దేశం చేసింది తలుచుకుని ముఖం తిప్పుకోవాలా? చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు రెండూ చేస్తున్నాను.

మొన్న ఆ నోటుపుస్తకం మా అమ్మాయికి చూపించాను. తన దస్తూరీ చూసి తనే నవ్వుకుంది. ఎర్ర గీత దగ్గర ఆగి, "అమ్మా, నీ మీద అరిచిన ఆ బామ్మగారి పేరేంటి?" అంది.

అడగలేదు. పడవ వేళయిందని గైడు తొందరపెడుతోంది. మావారు పిన్నిగారిని మెట్లు దింపుతున్నారు. నేను చెప్పుల తొడుగులు విప్పి బుట్టలో వేసి వచ్చేశాను.